ఎలుగుబంటి ముందుపళ్ళు ఎక్కడున్నాయి?

ఒకప్పుడు ఎలుగుబంటికి పైవరసలో ముందుపళ్ళు రెండూ ఉండేవి. అలాంటిలాంటి పళ్ళు కావు, అప్పుడే ఒలిచిన వెల్లుల్లి రెబ్బల్లా తెల్లగా ఉండేవి!

గుబురయ్య అనే ఎలుగు ఆ పళ్ళు చూసుకుని తెగ మురిసిపోయేవాడు. నవ్వొచ్చినా నవ్వేవాడు, రాకపోయినా నవ్వేవాడు. వాగుకు నీళ్ళకొచ్చిన జింకలు "అబ్బ, ఏం పళ్ళు మామా!" అనేదాకా దారి వదిలేవాడు కాదు.

అయితే అతనికి తీపి పిచ్చి. ఇప్పపూలు కనబడితే ఇప్పపూలు, సీతాఫలాలు దొరికితే సీతాఫలాలు, తేనె అయితే చెప్పనే అక్కర్లేదు. తిన్నాక నోరు పుక్కిలించడమా? ఆ ఊసే లేదు. కొన్నాళ్ళకు పళ్ళు గారపట్టాయి. చిగుళ్ళు వాచాయి. అతను నోరు తెరిస్తే చాలు, జింకలు మొహం తిప్పుకునేవి.

ఆ వాగు ఒడ్డున మద్దిచెట్టు మీద చారలమ్మ అనే ముసలి ఉడుత ఉండేది. మునిమనవలను ఎత్తిన వయసు. అయినా గట్టి టెంకలను పటపటా కొరికేసేది. ఇప్పుడు జింకలన్నీ దాని చుట్టూ చేరాయి. "అవ్వా, నీ పళ్ళు ఎంత బాగున్నాయి!"

అది విని గుబురయ్య కడుపు మండిపోయింది. పిడికెడంత లేదు, దీనికి పళ్ళా! నన్ను పొగిడిన నోళ్ళు దీన్ని పొగడటమా! తిండి సయించలేదు. కళ్ళు మూసుకున్నా ఉడుత పళ్ళే కనబడ్డాయి.

చివరికి ఉండబట్టలేక వెళ్ళి అడిగాడు. "అవ్వా, పళ్ళకు ఏం పెడుతున్నావు? దాచకుండా చెప్పు."

"దాచడానికేముంది నాయనా! ఈ తొర్రలో తేనెటీగలున్నాయి కదా. చెట్ల బంక తెచ్చి గుమ్మం చుట్టూ జిగురు పూసుకుంటాయి, పురుగూ బూజూ లోపలికి రాకుండా. ఆ జిగురు జొన్నగింజంత అడిగి తీసుకుంటాను. నమిలి పళ్ళకు రుద్దుకుంటాను. అంతే! ఒక్కటి గుర్తుంచుకో. ఎండలో అది సాగుతుంది. చల్లబడిందా, రాయే!"

గుబురయ్య తొర్ర దగ్గరికి వెళ్ళాడు. కావలి ఈగ అతన్ని ఎగాదిగా చూసింది. "తేనె జోలికి రానంటే జిగురు ఇస్తాం మామా" అంది.

ఆ జిగురు చేదుగా ఉంది. నాలుక చురచురలాడింది. అయినా మొహం మాడ్చుకుని నమిలాడు. రోజూ నమిలాడు. చిగుళ్ళ వాపు తీసింది, గార వదిలింది. ఒక మధ్యాహ్నం ఓ జింక అతన్ని చూసి ఆగింది.

"మామా, నీ పళ్ళు మళ్ళీ మెరుస్తున్నాయే! అచ్చం అవ్వ పళ్ళలా!"

అచ్చం అవ్వ పళ్ళలా! ఆ మాటతో గుబురయ్య సంతోషమంతా ఆవిరైపోయింది. ఆ ముసల్దానికి జిగురు దొరుకుతున్నన్నాళ్ళూ నా బతుకింతే అనుకున్నాడు. దానికి గింజంత జిగురు కూడా మిగలకూడదు!

గబగబా మద్దిచెట్టెక్కి, తొర్రకు మూతి ఆనించి, గుమ్మం జిగురంతా ఒక్కసారే కరిచి పట్టుకున్నాడు.

"మామా, గుమ్మం పీకేస్తే మా పిల్లలు ఏమైపోవాలి?" అని ఈగలు గోలపెట్టాయి.

పైకొమ్మ మీది నుంచి చారలమ్మ అరిచింది. "నాయనా, మబ్బు కమ్ముకొస్తోంది. వదిలెయ్!"

చూశావా, తన వాటా పోతుందని దీని ఏడుపు! అనుకుని గుబురయ్య ఇంకా గట్టిగా కరిచాడు.

చల్లగాలి వీచింది. వాన దబదబా పడింది. జిగురు రాయిలా బిగుసుకుంది. పళ్ళు ఊడిరావు, మూతి కదలదు! ఈగలు ముక్కు మీద కసితీరా కుట్టాయి. గుబురయ్య నాలుగు కాళ్ళూ చెట్టుకు తన్నిపెట్టి ఒక్క లాగు లాగాడు. ఫటక్!

కిందపడి చూసుకుంటే నోట్లో సందు. పళ్ళు రెండూ గుమ్మంలో.

ఆ పళ్ళను ఈగలు మోసి పారేయలేకపోయాయి. మోయలేనిది ఇంట్లో పడితే అవి ఎప్పుడూ చేసేదే చేశాయి. చుట్టూ జిగురు పూసేశాయి.

"నా పళ్ళు నాకివ్వండి!" అని గుబురయ్య బావురుమన్నాడు.

"ఇప్పుడవి మా గుమ్మం, మామా. పీకితే ఇల్లు కూలుతుంది" అంది కావలి ఈగ.

చారలమ్మ మెల్లగా దిగి అతని పక్కన కూర్చుంది. "ఏడవకు నాయనా. ఆ జిగురులో ఉన్నదానికి గారపట్టదు, పురుగుపట్టదు. ఈ అడవిలో ఇక అన్నిటికన్నా మంచి పళ్ళు నీవే."

గుబురయ్య ఏడుపు ఆపాడు. "నీ పళ్ళకన్నానా?"

"నా పళ్ళకన్నా!"

సంతోషం పట్టలేక నవ్వబోయాడు. అంతలో సందు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

అప్పటినుంచే ఎలుగుబంటికి పైన ముందుపళ్ళు రెండు లేవు. పుట్టలో చెదలు దొరికితే ఆ సందులోంచే జుర్రుమని పీల్చుకుంటుంది. తేనెతొర్ర కనబడితే మాత్రం, ముందు గుమ్మం చుట్టూ గోకి చూస్తుంది, తన పళ్ళు అక్కడున్నాయేమోనని.