నక్క కథకు ఊ కొట్టని కుందేలు

అనగనగా ఒక అడవి, పిల్లలూ. అక్కడ ఓ వింత కట్టుబాటు ఉండేది. కథ చివర చెప్పిన నీతికి అందరూ ఊ కొడితే చాలు, మర్నాటి నుంచి అదే చట్టం.

జిత్తన్న అనే నక్క ఈ కిటుకు కనిపెట్టింది. మొదటి రోజు అందరినీ కూర్చోబెట్టి, "ఒక నెమలి వానలో తడుస్తూ ఒకటే అరిచింది. జ్వరం తెచ్చుకుంది. నీతి ఏమిటంటే, ఎవరూ అరవకూడదు" అంది.

అందరూ ఊ కొట్టారు. మర్నాడు నక్క వస్తుంటే చూసి కూడా నెమళ్లు నోరు మెదపలేదు. పాపం, ఓ ఉడుత దాని నోట పడింది.

రెండో రోజు జిత్తన్న, "ఒక జింక పులిని చూసి పరుగెత్తింది. కాలికి ముల్లు గుచ్చుకుంది. కాబట్టి పరుగెత్తకూడదు" అంది.

దానికీ ఊ కొట్టారు! ఊ కొట్టడం అలవాటైతే బుర్రకు పనేముంది? మర్నాడు ఓ జింకపిల్ల నిలబడ్డ చోటే నక్కకు దొరికిపోయింది.

మూడో రోజు జిత్తన్న గొంతులో తేనె ఒలికింది. "ఒక కోడి, వానలో వచ్చిన అతిథికి తలుపు తీయలేదు. పెద్ద గాలి వీచి గూడు కూలింది. అందుకే, ఎవరొచ్చినా తలుపు తీయాలి."

పింజ అనే తల్లి కుందేలు ముందుకొచ్చింది. దాని బొరియలో ఇంకా కళ్లు తెరవని పిల్లలున్నాయి.

"జిత్తన్నా, ఆ అతిథి ఎవరు?" అని అడిగింది.

"ఎవరో ఒకరు లేమ్మా. కథలో అన్నీ అడక్కూడదు."

"పోనీ, దాని పళ్లెలా ఉంటాయి?"

నక్క గబుక్కున నోరు మూసుకుంది.

"గూడు కూలింది గాలికి. తలుపు వేసినందుకు కాదు. నేను ఊ కొట్టను!" అంది పింజ.

"అవును సుమా! జ్వరం వచ్చింది తడిసినందుకు, అరిచినందుకు కాదు" అంది ఓ నెమలి.

తల్లి జింక కన్నీళ్లతో లేచింది. "ముల్లు గుచ్చుకున్నా ఆ జింక బతికింది. నిలబడ్డ నా బిడ్డే పోయింది!"

"ఊహూ! ఊహూ!" అని అడవంతా ఒక్కసారిగా అరిచింది. పాత చట్టాలు రెండూ అక్కడికక్కడే ఎగిరిపోయాయి. నెమళ్లు గొంతెత్తి కూశాయి, జింకలు కొమ్ములు వంచాయి. జిత్తన్న తోక ముడిచి, మళ్లీ ఆ అడవి మొహం చూడలేదు.

ఆ సాయంత్రం పింజ తలుపు గట్టిగా బిగించుకుంది. పిల్లల్ని పొట్టకు హత్తుకుని హాయిగా నిద్రపోయింది.

నీతి: కథ ఎవరు చెప్పినా వినండి, నీతి మాత్రం మీ బుర్రతో మీరే తీయండి. ఈ కథకైనా సరే!