చూరు కింద వెలసిన మొగిలివలస తల్లి

రోహిణీ కార్తెలో మొగిలివలస వచ్చే భక్తులకు ఊళ్లో అడుగుపెట్టగానే సుత్తుల చప్పుడు వినిపిస్తుంది. ఒక ఇంటి మీద పెంకులు తిరగేస్తుంటారు. ఇంకో మేడ మీద తూములో ఇరుక్కున్న ఎండుటాకులు తీస్తుంటారు. గోడల బీటల్లో సిమెంటు కూరేవారు కొందరు. ఊరంతా నిచ్చెనలే! ఇంత సందడిలోనూ చూరమ్మ తల్లి మాత్రం నెత్తిన కప్పు లేకుండా ఎండలో కూర్చుని ఉంటుంది. కొత్తవారు చూసి "అయ్యో, అమ్మవారిని ఇలా గాలికొదిలేశారేమిటి!" అని నొచ్చుకుంటారు. నొచ్చుకోనక్కరలేదు, అది అమ్మ ఆజ్ఞ.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఇప్పుడు అమ్మ కొలువున్న చోట లెంక పోలినాయుడనే ఊరిపెద్ద ఇల్లుండేది. అమ్మవారు ఆ కాలంలో కొండ దిగువన తాటాకుల గుడిలో ఉండేది. ఏటా వానలకు ముందు ఊరంతా కలిసి తాటాకు కోసేవారు. మొదట గుడి కప్పు నేసి, మిగిలిన ఆకుతో ఎవరి ఇళ్లు వారు నేసుకునేవారు. పోలినాయుడికి ఈ ఆనవాయితీ ప్రాణంతో సమానం. మనిషి మంచివాడే గాని, గుడి మాటెత్తితే ఇల్లు గుర్తుండేది కాదు. ఊరి పనికి ఎగబడే మగవారి సంగతి వారి ఇంటి ఆడవారిని అడిగితే తెలుస్తుంది!

ఆయన భార్య దాలమ్మకు ఆ సంగతి నిండా తెలుసు. ఒక ఏడు గాలివాన వచ్చి తాటితోపుల మొవ్వులు విరిచేసింది. ఆకు కరువైంది. దొరికిన కాస్త ఆకునూ పోలినాయుడు గుడికే వేయించాడు, అదీ రెండు వరసలు, ఒత్తుగా. సరిగ్గా అప్పుడే పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు అసిరి ఆడపిల్లను కన్నది. నెలలు నిండని పిల్ల, పిడికెడుంది. పురిటిగదిలో పడుకుని పైకి చూస్తే ఆకాశం కనిపించేది.

"ఓయయ్యా, ఆ గదికి నాలుగాకులైనా ఏయించు. వానొస్తే పసిగుడ్డు ఏటైపోద్ది?" అని దాలమ్మ మొత్తుకుంది.

"అమ్మోరికి ఏశాక మిగిల్తేనే మనకి. మిగల్లేదు, నన్నేటి సెయ్యమంటావు? ఇంటికన్నా గుడి పదిలం అన్నారు పెద్దోళ్లు. అంత వానే వస్తే గుడిలో తలదాచుకుందాం."

"పురుటి మైల ఎల్లకుండా బాలింత గుళ్లోకి ఎలా ఎల్తాదయ్యా?"

ఊరిపెద్ద లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు.

మృగశిర కార్తె రాకముందే, మగవారంతా సంతకు పోయిన ఒక మధ్యాహ్నం వాన కుండపోతగా దిగింది. పురిటిగదిలో మంచం వేయడానికి పొడి జాగా లేకుండా పోయింది. అసిరి బిడ్డ మీదికి ఒంగి, తన వీపునే గొడుగు చేసింది. "అమ్మా, పిల్ల సల్లబడిపోతంది!" అని కేక పెట్టింది. ఇరుగు పొరుగు ఇళ్లూ అలాగే కారుతున్నాయి. దాలమ్మ ఇంట్లోంచి బయటపడింది. ఒక్క పరుగున కొండ దిగువకు పోయింది. గుడి లోపల నేల ఎండాకాలంలో ఉన్నట్టు పొడిగా ఉంది. అది చూసేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"నీకు రెండు వరసలా తల్లీ? నా మనవరాలికి ఒక్కాకు లేదా? కోపమొస్తే నా మీద సూపించు, పిల్ల జోలికి రాకు!" అంటూ చీర బిగించి గుడి మీదికెక్కి, ఆకు ఊడబెరికి, కట్టలు కట్టి నెత్తిన పెట్టుకుంది.

ఇంటికి చేరేసరికి చూరు కింద ఎవరో ముసలవ్వ నిలబడి ఉంది. ఏనాడూ ఎరగని మొహం. "ఎక్కు గుంటా, నానందిస్తాను. సూరు కాడి నుంచి పైకెయ్యి, నీరు జారిపోద్ది" అంది. అవ్వ కింద నుంచి ఆకు అందిస్తూ, నార చీల్చి ఇస్తూ ఉంటే దాలమ్మ వరస మీద వరస వేసి కట్టింది. గదిలో కారడం ఆగింది. అసిరి పొడిగుడ్డలో చుట్టి రొమ్ముకు హత్తుకోగానే పిల్ల కదిలింది, పాలు తాగింది. దాలమ్మ ఏడుస్తూనే నవ్వింది. "లోనికి రా అవ్వా, గంజి తాగుదువుగాని" అని పిలిచింది. "నానిక్కడే ఉంటానులే" అని బదులొచ్చింది.

వాన వెలిశాక సంత నుంచి వచ్చినవారు బోడిగా మిగిలిన గుడిని చూసి మండిపడ్డారు. మైల చేతులతో గుడి పీకిన ఆడది ఊళ్లో ఉంటే అరిష్టమన్నారు. దాలమ్మ గుమ్మంలో నిలబడి "నానే పీకాను. పొమ్మంటే పోతాను, పిల్ల మీద ఆకు మాత్రం తియ్యనివ్వను" అంది. ఇంతలో గుడి నుంచి ఒకడు రొప్పుతూ వచ్చి "లోపల అమ్మోరు లేదు!" అన్నాడు. అప్పుడు అసిరి గదిలోంచే "సూరు కింద సూడండి" అంది. అక్కడ అమ్మవారి శిల నిలువునా తడిసి ఉంది, కుడిచేతికి తాటినార చుట్టుకుని ఉంది. పోలినాయుడు భార్య ముందు, అమ్మ ముందు ఒకేసారి సాగిలపడ్డాడు.

పదిమంది పట్టినా ఆ శిల అక్కడి నుంచి కదలలేదు. తెల్లవారుజామున పోలినాయుడికి కలలో అమ్మ కనిపించి చెప్పింది: "మీ ఇళ్లు కారుతుంటే నాకు కప్పెయ్యకండి. ముందు పురిటి ఇల్లు, తరవాత ఊరిళ్లు, కడపట నేను. ఇంటికో ఆకు తెచ్చి కప్పండి. బాలింతకు నా దగ్గర మైల లేదు." ఆయన తన ఇంటిని అమ్మకే విడిచి, పక్కన వేరే ఇల్లు కట్టుకున్నాడు. చూరు కింద వెలసింది గనుక తల్లి చూరమ్మ అయింది.

నేటికీ అదే ఆచారం. రోహిణిలో అమ్మ మీది పాత ఆకు తీసేసి, ఊళ్లో ప్రతి ఇల్లూ కారకుండా బాగయ్యాకే కొత్తది కప్పుతారు. స్లాబు ఇళ్లవారు సైతం ఆకు తేవాలి. తెస్తే సరిపోదు, గుడి పెద్దలు వచ్చి మేడ మీద బిందెలతో నీళ్లు కుమ్మరించి, లోపల చెమ్మ చూస్తారు. చెమ్మ కనిపించిందా, ఆ ఆకు పుచ్చుకోరు. అమ్మకు రాతి మంటపం కట్టిస్తామని వచ్చిన ఒక ఆసామిని "ముందు మీ వంటింటి గోడ నెమ్ము సంగతి చూడండి బాబూ" అని సాగనంపారు. ఆనవాయితీ తప్పని ఇంట పసిపిల్లలు చల్లగా ఉంటారనీ, గోడలు తరాలు నిలుస్తాయనీ భక్తుల నమ్మకం.

నిరుడు వాన ముందే వచ్చింది. ఊరి చివర ఒంటరిగా ఉండే ఎర్నమ్మ ఇల్లొక్కటే బాగుచెయ్యకుండా మిగిలిపోయింది. ఊరంతా వానలోనే నిచ్చెనలు మోసుకుపోయి ఆమె ఇంటి మీదికెక్కింది. "నా కొంప కోసం అమ్మ తడిసిపోతందర్రా!" అని ఆ ముసలిది వాకిట్లో నిలబడి ఏడ్చింది.

"అమ్మకి అలవాటేలే గాని, నువ్వు లోనికెల్లి పడుకో అప్పా" అన్నారు పైనుంచి.