రోజుకు నలభై సార్లు దిగే మనిషి

విజయనగరంలో సూరిబాబు అనే బ్యాంకు గుమస్తా ఉండేవాడు, లోకంలో దేన్నయినా కాగితం మీద గళ్లు గీసి, మార్కులు వేసి తేల్చేయవచ్చని అతని గట్టి నమ్మకం. అందులోనూ అటు తారు రోడ్డు మీదా ఇటు మట్టిదారుల్లోనూ నడిచే అడ్వెంచర్ బైకులంటే అతనికి ప్రాణం. ఏ ఇంజనుకు ఎంత బలం, ఏది లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది, అన్నీ నోటికే చెప్పేవాడు. తను మాత్రం పాత స్కూటరు మీదే బ్యాంకుకు వెళ్లేవాడు.

అతని మరదలు జయమణి సాలూరు కొండల్లో పశువుల డాక్టరు. ఒకరోజు ఆమె వచ్చి, "బావా, కొండ తిరగడానికి నాకూ అలాంటి బండి కావాలి. ఏది కొనమంటావు?" అని అడిగింది.

అడగడమే ఆలస్యం, సూరిబాబు మూడు రోజులు తిండీ నిద్రా మానుకుని బళ్లను పోల్చాడు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి పొడుగాటి షాక్ అబ్జార్బర్లున్న ఎత్తు బండి. రెండోది బలం కాస్త తక్కువైన పొట్టి బండి. ఎత్తుదానికి తొంభై రెండు మార్కులు, పొట్టిదానికి డెబ్భై ఎనిమిది.

"ఇంక ఆలోచించకు, ఎత్తుదే కొను" అన్నాడు.

"ఎక్కి చూడకుండానే ఏటి బావా?" అని జయమణి ఆ రెండు బళ్లనూ ఒకరోజుకు అద్దెకు తెచ్చింది. ఆ రోజు ఆమె కొండమీది తోటవలసలోనూ, దారిలోని ఇళ్లలోనూ పశువులకు గొంతువాపు టీకాలు వేయాలి. కిందటేడు వానల్లో ఆ జబ్బుతో అక్కడ పదకొండు గేదెలు చచ్చిపోయాయి. ఈసారి వాన రాకముందే, టీకాల పెట్టెలో ఐసు కరగకముందే పని పూర్తికావాలి.

జయమణి ఎత్తు బండి ఎక్కింది. సూరిబాబు పొట్టిదాని మీద వెనకే వెళ్లాడు. ఘాట్ మలుపుల్లో ఎత్తు బండి వాలి లేచే తీరు చూసి అతనికి ఒళ్లు పులకరించింది. గతుకుల్లోనూ అది తొణకలేదు.

"మేలైన బండే బావా" అని ఆమె కూడా ఒప్పుకుంది.

దారి పొడవునా ఇళ్లు విడివిడిగా ఉన్నాయి. ప్రతి ఇంటి దగ్గరా ఆగాలి, దిగాలి, టీకా వేయాలి, మళ్లీ ఎక్కాలి. జయమణి పొట్టి మనిషి. దిగినప్పుడల్లా కాలు ఆనించడానికి రాయో గట్టో వెతుక్కునేది. పన్నెండో ఇంటి దగ్గర ఆమె ఎత్తు బండి మీది టీకాల పెట్టె విప్పి పొట్టి బండికి కట్టుకుంది.

"నేను రోజుకి నలభై సార్లు దిగుతాను బావా. అది నీ లెక్కలో వేశావా?"

సూరిబాబు వేయలేదు. ఎత్తు బండి తను ఎక్కాడు.

తోటవలస ముందు ఒక గెడ్డ ఉంది. మోకాలి లోతు నీళ్లు, అడుగున నాచు పట్టిన గుండ్రాళ్లు. సూరిబాబు ముందుగా బండిని నీళ్లలోకి దించాడు. నడిమధ్యలో చక్రం జారింది. కాలు ఆనించబోతే నేల అందలేదు. బండితో సహా నీళ్లలో పడ్డాడు.

"దెబ్బ తగిలిందా?" అని జయమణి కేకేసింది.

"లేదు. నా కోసం ఆగకు, ఐసు కరిగిపోతుంది" అన్నాడు. పడమటి కొండ మీద అప్పటికే మబ్బు కమ్మింది.

జయమణి పొట్టి బండి మీదే నీళ్లలోకి దిగింది. రెండు పాదాలూ చెరోపక్క రాళ్ల మీద ఆనించి, దూడను నడిపించినట్టు బండిని మెల్లగా నడిపించింది. ఒకచోట రాయి దొర్లి బండి ఒరిగింది. ఆమె కాలితో నేలను తన్ని నిలబెట్టింది. పెట్టె మీద నీటిచుక్క పడలేదు. సూరిబాబు నీళ్లలో కూర్చునే గుడ్లప్పగించి చూశాడు. పదేళ్లుగా బళ్ల గురించి చదువుతున్నాడు, బండి నడపడమంటే ఏమిటో ఆ ఇరవై గజాల్లో చూశాడు. తెలియకుండానే చేతులు జోడించాడు.

అవతలి గట్టున ఊరంతా పశువులను తోలుకొచ్చి ఎదురుచూస్తోంది. నలుగురు దిగి సూరిబాబునూ బండినీ లేవదీశారు. అతను గట్టెక్కి, సాయంత్రం దాకా గేదెల కొమ్ములు పట్టుకుని నిలబడ్డాడు. చివరి గేదెకు టీకా పడేసరికి వాన మొదలైంది.

"ఎత్తుది గొప్ప బండే జయా, కానీ నీ బండి కాదు. నీ పనేమిటో అడక్కుండానే తేల్చేశాను" అన్నాడు తడుస్తూ.

"అడిగితే చెప్పేదాన్ని కదా" అంది జయమణి, సిరంజీలు సర్దుకుంటూ. మర్నాడే పొట్టి బండి కొనుక్కుంది.

నీతి: ఏ వస్తువు గొప్పదో తేల్చే ముందు, అది ఎవరికి, ఏ పనికి అని అడగాలి. వాడే మనిషిని మరిచి చేసిన పోలిక ఎవరికీ అక్కరకు రాదు.