ఎలుగు మామ ఆర్పని కొలిమి

నల్లకొండ అడవిలో ఎలుగు మామ కమ్మరి. వానలు దగ్గరపడితే జంతువులన్నీ అతని గుహ ముందే ఉండేవి. కుందేలుకీ, ముంగిసకీ, ఉడుముకీ బొరియ తలుపులకి మేకులు కావాలి మరి. చిన్న పనే. కానీ ఎలుగు మామకి తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది: ఒకరి నిప్పులో ఇంకొకరి ఇనుము కాల్చకూడదు. అందుకని ఒక్క మేకు కొట్టగానే నీళ్లు పోసి కొలిమి ఆర్పేవాడు. బూడిద ఎత్తి, బొగ్గు పేర్చి, మళ్లీ రాజేసేవాడు. మేకు చిటికెలో అయిపోయేది. పొద్దంతా మిగతాదానికే పోయేది.

ఆ గుహ మీద నక్క కన్ను పడింది. అడవి పెద్ద ఏనుగు దగ్గరికెళ్లి, వాన పడేలోపు అందరికీ మేకులు ఇవ్వలేనివాడికి గుహ ఎందుకని వాదించి, ఇవ్వలేకపోతే గుహ తనకే అని సరే అనిపించుకుంది. ఆపైన చుట్టాలందర్నీ పోగేసి, విడివిడిగా వెళ్లి తలా ఒక మేకు అడగమంది.

మబ్బులు కమ్మాయి. వరస తరగడం లేదు. ఏనుగు మాట ఎలుగు మామ చెవిన కూడా పడింది. ఈ వయసులో గుహ పోతే ఎక్కడ తలదాచుకోవాలా అని మబ్బుల వంక చూస్తూనే సుత్తి ఎత్తాడు.

నక్క వంతు వచ్చింది. "మామా, నాదీ అదే మేకు. మా బావ దానికంటే రెండువేళ్లు పొడుగు, అంతే," అంది నవ్వుతూ.

ఎలుగు చేతిలో సుత్తి ఆగిపోయింది. నిజమే, అందరిదీ అదే మేకు. పొడుగొక్కటే తేడా.

వరసలో ఉన్న తాబేలు తాతని అడిగాడు, నాన్న నిప్పెందుకు ఆర్పేవాడని.

"అప్పుడు మీ కొలిమి గడ్డి పాకలో ఉండేది కదరా. పాక అంటుకుంటుందని భయం. ఈ రాతిగుహలో ఏం కాలుద్ది, నీ తల?" అన్నాడు తాత.

ఎలుగు నీళ్లకుండ అవతల పెట్టేశాడు.

"తాతలనాటి ఆచారం తప్పుతావా మామా?" అని నక్క గొంతు పెంచింది.

"మేకు వంకరొస్తే అప్పుడు చెప్పు అల్లుడూ."

అందరి ఇనుమూ ఒకే నిప్పులో పెట్టి గాలి తిత్తి తొక్కాడు. ఇనుము ఉదయపు సూర్యుడిలా ఎర్రబడింది. పొడుగాటి చువ్వగా సాగగొట్టి, ఎవరికెంత కావాలో అంత తెగ్గొట్టి, మొనదేల్చి ఇచ్చాడు. ఒక చువ్వ అయ్యేలోపు ఇంకోటి కణకణలాడుతూ సిద్ధంగా ఉండేది. నిప్పురవ్వలు గుహ కప్పుదాకా లేచి రాలుతుంటే కుందేలు పిల్లల్ని దగ్గరికి లాక్కుని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఈ చేతుల్లో ఇంత పనుందా అని ఎలుగు మామే తన చేతుల వంక వింతగా చూసుకున్నాడు.

తొలి చినుకు పడేసరికి అందరూ తలుపులు బిగించుకుంటున్నారు. చూసిపోదామని వచ్చిన ఏనుగు, గుహ ఎవరిదో ఇంక అడగొద్దని నక్కతో చెప్పి వెళ్లిపోయింది.

"మనకి తలుపులే లేవు కదరా, ఈ మేకులేం చేసుకుంటాం?" అని చుట్టాల్లో ముసలి నక్క ఒకటి వానలో తడుస్తూ నక్కని అడిగింది.

రాజుకున్న నిప్పు ఉండగానే పని తెముల్చుకునేవాడికే పొద్దు మిగులుతుంది.