కనకాంబరం వాసన ఎటు పోయింది?

నేను చెప్పేది అబద్ధమనే మొనగాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి. లేరుగా? అయితే చెవులప్పగించి వినండి.

ఒకప్పుడు కనకాంబరం పువ్వుకి వాసన ఉండేది. అలాంటిలాంటి వాసనా? ఒక్క పువ్వు విచ్చితే ఏటి అవతల ఎద్దులు తుమ్మేవి! తేనెటీగలు గట్టు మీదే సొమ్మసిల్లి పడేవి. ఊపిరి బిగబట్టి ఒంటిచేత్తో బుట్టెడు కోసిన ఘనత మాత్రం నాకొక్కడికే దక్కింది.

ఆ పువ్వు పూసే తోట అచ్చియ్యమ్మది. కూతురు వరాలుకి పెళ్లి కుదిరింది. పూలజడ ఎలా ఉంటుందో చూద్దామని వరాలు ఒక్క కనకాంబరం తురుముకుంది. అంతే, ఆగకుండా తుమ్ములు!

"అమ్మా, ఈ జడతో పీటల మీద కూర్చుంటే తాళి కట్టేవాడు పారిపోతాడే!"

"తెల్లారనీ, ఆ మొక్కనే పీకి పారేస్తాను. పక్కనున్న ఆ మరువం కూడా దండగే. పువ్వూ లేదు, వాసనా లేదు," అంది అచ్చియ్యమ్మ.

కనకాంబరం గడగడ వణికింది. "గాలి మామా, నా వాసన పట్టుకుపోవా?"

"హాచ్! నన్నొదిలెయ్ తల్లీ! మొన్న మోసిన దానికే ఇంకా నడుం పట్టేసి ఉంది," అంటూ గాలి పరుగో పరుగు.

మరువం మెల్లగా అంది, "అక్కా, నాకిచ్చెయ్."

"పువ్వైనా లేనిదానివి, ఎక్కడ దాచుకుంటావే?"

"ఆకులున్నాయిగా! తలా కాస్త పంచితే ఘాటు తగ్గుతుంది."

"వాసన లేకపోతే నావంక ఎవరు చూస్తారే?"

"వేళ్లు పైకొచ్చాక ఎవరు చూస్తారక్కా?"

కనకాంబరం ముక్కు చీదుకుని, ఒళ్లంతా ఒక్క దులుపు దులిపింది. వాసన మొత్తం మరువం ఆకుల్లోకి దూరింది.

పొద్దున్నే అచ్చియ్యమ్మ గునపంతో వచ్చింది. తుమ్ము వస్తుందని ముక్కు పట్టుకుని నిలబడింది. రాలేదు! పక్కనుంచేదో కమ్మగా తగిలితే, మరువం రెమ్మ తుంచి వాసన చూసింది. "ఓసి నీ ఆకు బంగారం గానూ!" అని గునపం పక్కన పడేసి, అరటినార తడిపి దండ కట్టడానికి కూర్చుంది. కనకాంబరాలు కొన్ని, మధ్యలో మరువం రెమ్మ, మళ్లీ కనకాంబరాలు.

అప్పటినుంచే కనకాంబరానికి రంగు తప్ప వాసన లేదు. మరువానికి ఆకంతా ఘుమఘుమే. దండలో మాత్రం ఇద్దరూ ఒకరినొకరు వదలరు.

ఏం, ఇంకా అనుమానమేనా? ఆ పూలజడ పక్కనే కూర్చుని, ఒక్క తుమ్మూ తుమ్మకుండా తాళి కట్టిన పెళ్లికొడుకున్నాడు. వెళ్లి అడగండి. పేరు గవర్రాజు.