నక్క ఏ కాలు కుంటింది?

మిరప చేను పక్క దొడ్డిలో ఓ గేదె, ఓ మేక, ఏడు పిల్లల తల్లి కోడి, ఓ బాతు కాపురముండేవి. అందరికీ బాతంటే చిరాకు. కారణం వింటే మీకే ఒళ్లు మండుతుంది. అది ఎవరి మొహమూ చూడదు. చూస్తే మాటలు తడబడతాయని ఎదుటివాళ్ల కాళ్లు చూస్తూ మాట్లాడుతుంది. "తిన్నావా?" అని పలకరిస్తే, తినకపోతే "లేదు" అనేస్తుంది. అంతే దాని నేరం!

మూడు రోజులుగా ఓ నక్క కుంటుకుంటూ వచ్చిపోతున్నాడు. "గేదె వదినా, ఒంట్లో కులాసానా? మేక చెల్లీ, దగ్గు తగ్గిందా?" అని పేరుపేరునా పలకరిస్తాడు. మనసున్నవాడంటే వీడేనని అందరూ మురిసిపోయారు.

నాలుగో రోజు పొద్దున నక్క అన్నాడు: "మీరంతా కాలవగట్టుకు మేతకు పోండి. గంప కింద పిల్లల్ని నేను చూసుకుంటా. ఈ కుంటికాలితో ఎక్కడికి పోగలను?"

కోడి గుండె ఝల్లుమంది. పైకి మాత్రం, "అయ్యో, అంతకంటేనా అన్నయ్యా!" అని నవ్వింది.

బాతు తల వంచుకునే అడిగింది. "నిన్న నీ ఎడమ కాలు కుంటింది. ఇవాళ కుడి కాలు కుంటుతోంది. ఎందుకు?"

"ఛీ! నొప్పితో ఉన్నవాణ్ని అడిగే మాటేనా?" గేదె కసిరింది.

"మొహం చూస్తే తెలిసేది, ఎంత బాధలో ఉన్నాడో" అంది మేక.

బాతు కోడివైపు తిరిగింది. "నీ కాళ్లు వణుకుతున్నాయి. ఇష్టం లేనప్పుడు సరే అని ఎందుకన్నావు?"

నలుగురిలో కోడికి తల కొట్టేసినట్టయింది. "మర్యాద తెలియనిదానా! నువ్వు మాతో రాకు!" అని అరిచి మిగతావాళ్లతో వెళ్లిపోయింది.

నక్క చిన్నగా దగ్గాడు. "నీకూ ఆకలేస్తుందేమో బాతమ్మా."

"వెయ్యట్లేదు."

"కాలవలో నీళ్లు చల్లగా ఉంటాయట."

"ఉంటాయి."

పొమ్మంటున్నాడని ఇంకెవరైనా గ్రహించి లేచేవారు. బాతు కదల్లేదు. ఓపిక నశించిన నక్క గంప మీదికి ఒక్క దూకు దూకాడు.

"నాలుగు కాళ్లూ బాగున్నాయి! గంప మీద దూకాడు!" బాతు చేను దద్దరిల్లేలా అరిచింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. నక్క అప్పటికే కాలెత్తి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "పిల్లల్ని కాపాడబోతే ఈ పిచ్చిది కేకలేస్తోంది వదినా!"

మళ్లీ అందరూ ఆ మొహమే చూశారు! జాలి కూడా పడబోయారు.

"ఇప్పుడెత్తింది ఎడమ కాలు" అంది బాతు.

అప్పుడు మొదటిసారి అందరూ కిందికి చూశారు. నక్క కంగారుపడి గబుక్కున కుడి కాలెత్తాడు. గేదె కొమ్ము విసురుకి కంచె అవతల పడి, నాలుగు కాళ్లతో పారిపోయాడు.

"ఏమైనా చెప్పడానికో పద్ధతుంటుంది" అని గొణిగింది మేక. పిల్లలు దక్కాక కూడా ఇదీ వరస!

కోడికి కోపం తన్నుకొచ్చింది. "పద్ధతిగా అబద్ధమాడినవాణ్ని నెత్తిన పెట్టుకున్నాం. నిజం చెప్పినదాన్ని వెలేశాం. నాతో సహా ఎవరికీ సిగ్గులేదు!"

వెళ్లి బాతు పక్కన కూర్చుంది. తనవైపు చూడమని అడగలేదు.

"తిన్నావా?"

"లేదు."

కోడి తన నూకలు బాతు ముందుకు జరిపింది.

నీతి: మొహం చూడదని ఒకరిని వెలివేసేవాళ్లు, కాళ్లు చూడటం తమకు రాదని ముందు ఒప్పుకోవాలి.