చప్పుడు లేని ఉయ్యాలలు

బట్టలకు రంగులద్దే ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. తనేం చేసినా అలాంటిది ఇంకెక్కడా లేదని అందరూ అనాలి, అదీ ఆయన సరదా.

అద్దకం పనికెళ్ళే ఆడవాళ్ళు తమ పసిపిల్లల్ని సూరమ్మ అనే ముసలావిడ దగ్గర వదిలేవాళ్ళు. ఇంటినిండా పిల్లలు, చూసేది ఆవిడొక్కతే. ఓసారి రాజు అటుగా పోతూ, ముక్కు కారుతున్న పిల్లాణ్ణి చూసి ఊరుకోలేకపోయాడు. ముగ్గురు పిల్లలకో ఆయా ఉండాలన్నాడు. గంధపుచెక్క ఉయ్యాలలుండాలన్నాడు. జోలపాటకు వీణ విద్వాంసుడు కూడా ఉండాలన్నాడు. లేదంటే ఇల్లు మూసేయమన్నాడు.

సూరమ్మ ఏడుస్తూ ఆస్థానంలో ఉండే పేరిభట్టు దగ్గరికెళ్ళింది. ఆయన ఆవిణ్ణి ఊరుకోబెట్టి, అన్నీ తన పూచీ మీద పెట్టించి, చూసిపొమ్మని రాజునే పిలిచాడు.

రాజు గుమ్మంలోకి రాగానే పేరిభట్టు నోటిమీద వేలు పెట్టుకుని సైగ చేశాడు. రాజు చెప్పులు విప్పి, మునివేళ్ళ మీద లోపలికెళ్ళాడు. వీణ సన్నగా మోగుతోంది. ఆయాలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్క ఏడుపు లేదు.

"చూశావటయ్యా భట్టూ," అని రాజు గుసగుసలాడాడు, "అంతఃపురంలో మావాడు కూడా ఇంత బుద్ధిగా పడుకోడు."

మురిసిపోతూ ఒక ఉయ్యాల తెర తీశాడు. ఖాళీ. పక్కదీ ఖాళీయే.

"పిల్లలేరయ్యా?"

"ఇంకా ఎవరూ రాలేదు ప్రభూ. ఇవన్నీ నడవాలంటే సూరమ్మ అడగాల్సిన డబ్బుకి, తల్లి రోజంతా పనిచేసినా ఆ కూలి చాలదు."

పిల్లలు మరెక్కడున్నారో చూపిస్తానని పేరిభట్టు రాజుని అద్దకం పెరట్లోకి తీసుకెళ్ళాడు. కుతకుతలాడే రంగు బానల పక్కన, పాత చీరపేలికలతో గుంజలకి కట్టేసి ఉన్నారు పిల్లలు. ఒకడు ముడి ఊడగొట్టుకుని బానవైపు పాకుతున్నాడు. రాజే పరుగెత్తి వాణ్ణి ఎత్తుకున్నాడు. వాడు రాజుగారి పట్టు ఉత్తరీయానికి తీరిగ్గా ముక్కు తుడుచుకున్నాడు.

"అయితే నేను పెట్టిన నియమాలు తప్పంటావా?"

"ముగ్గురికో ఆయా అన్నది బంగారంలాంటి మాట ప్రభూ. సూరమ్మ ఒక్కతే అంతమందిని చూడటం కష్టం. కాకపోతే మాట మీదీ, ఖర్చు వాళ్ళదీ అయింది."

రాజుకి రోషం వచ్చింది. ఇకనుంచి ఆ ఖర్చంతా ఖజానాదే అని అక్కడికక్కడే ప్రకటించాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"అవునుగానీ భట్టూ, పసిపిల్లలకి వీణ ఎందుకంటావ్?"

"నాకూ అదే అనుమానం ప్రభూ. ఖర్చు ఎవరిదో తేలాక అడుగుదామని ఆగాను."

రాజు పగలబడి నవ్వాడు. చంకలోని పిల్లాడు కూడా నవ్వాడు.

ఆయాలు ఉండిపోయారు. విద్వాంసుడు ఆస్థానానికి వెళ్ళిపోయాడు. పాత చీరలతోనే ఉయ్యాలలు కట్టారు. గంధపు ఉయ్యాలల్లో మంచిదొకటి, నిండా వరహాలతో, పేరిభట్టు ఇంటికి చేరింది.

మర్నాడు సూరమ్మ ఇంట్లో గోల కోటదాకా వినిపించింది.